గవరమ్మ తిప్పిన మర

అనగనగా, మీ ముత్తవ్వకి ఇంకా పాలపళ్ళు రాని రోజుల్లో, కొండ కింద ఊళ్ళో ఒక ధర్మాసుపత్రి ఉండేది. అందులో గవరమ్మ అనే ఆయా. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల్ని అక్కడ అద్దాల పెట్టెల్లో పడుకోబెట్టి, గొట్టంతో ప్రాణవాయువు పెట్టేవారు. గుడ్డలు మార్చడం, పెట్టెలు తుడవడం గవరమ్మ పని. పిల్లలంటే ఆవిడకి ప్రాణం.

ఆ ప్రేమే కొంప ముంచింది. మనవాళ్ళ సంగతి తెలుసుగా? విస్తరి ముందు కూచున్నవాడు చాలు మొర్రో అన్నా, ఇంకో గరిటె వేస్తేగాని మనసొప్పదు. గవరమ్మదీ అదే మనసు. డాక్టరుగారు గాలి ఎంత రావాలో చూసి గొట్టం మర సరిచేసి అటు వెళ్ళగానే, తను ఇంకాస్త తిప్పేది. "ఇంకొంచెం నాయినా, కడుపునిండా పీల్సు" అనేది. నేతగాళ్ళ పిల్లాడికి తిప్పింది. బెస్తల పిల్లాడికి తిప్పింది. బండివాడి పిల్లాడికి తిప్పింది. ముగ్గురూ బతికారు. తల్లులు ఆవిడకి దణ్ణం పెట్టి వెళ్ళారు.

ఆరు నెలలకి నేతగాళ్ళ తల్లి తిరిగొచ్చింది. "పిల్లడు దీపం కేసి సూడ్డం లేదమ్మా" అంది. తరవాత బెస్తల తల్లి, అదే మాట. తరవాత బండివాడి పెళ్ళాం, అదే మాట.

డాక్టరు ముగ్గుర్నీ ఒకరోజు పిలిపించి, పిల్లల కళ్ళలోకి చిన్న దీపం వేసి చూశాడు. కంటి వెనక సన్నని రక్తనాళాలు చిక్కుపడ్డ నూలులా ఉన్నాయి.

"గాలి చాలక ఇలా అయ్యుంటుంది. ఏడో నెలకే పుట్టి పొద్దున వచ్చిన బిడ్డకి రెట్టింపు పెడదాం" అంటూ మర మీద చెయ్యి వేశాడు.

నిజం గవరమ్మ ఒక్కదానికే తెలుసు. చెబితే పని పోతుంది, ఊరు దుమ్మెత్తి పోస్తుంది. చెప్పకపోతే ఈ బిడ్డ కళ్ళూ పోతాయి. డాక్టరు చెయ్యి పట్టేసుకుంది.

"వొద్దు బాబూ! ఆల్లకి సాలక కాదు, ఎక్కువై పోనాయి కళ్ళు. నానే తిప్పినాను. మీరెల్లాక రోజూ నానే తిప్పినాను."

ఆ తల్లుల ముందే చెప్పింది. నేతగాళ్ళ తల్లి ఆవిడ చెంప ఛెళ్ళుమనిపించింది. గవరమ్మ ముఖం తిప్పుకోలేదు.

మర బిగిస్తే ప్రాణం పోతుంది, వదిలేస్తే చూపు పోతుంది. డాక్టరూ ఆయా మూడు రోజులు ఆ కొత్త బిడ్డ పెట్టె పక్కనే కూచున్నారు. పెదాలు నీలమైతే కాస్త తిప్పారు, ఎర్రనైతే తగ్గించారు. మూడో రోజుకి కొలత కుదిరింది. ఆరు నెలలకి ఆ పిల్ల దీపం కేసి చెయ్యి చాచింది.

ఆ ముగ్గురికీ మాత్రం చూపు రాలేదు. కథ కదా అని అబద్ధం చెప్పను. గవరమ్మ వారం వారం వాళ్ళ గుమ్మాలకి వెళ్ళింది. మొదటి ఏడాది తలుపులు వేశారు. రెండో ఏడూ వేశారు. మూడో ఏడు తీశారు. పిల్లల చెయ్యి పట్టుకుని ఊళ్ళో ప్రతి దారీ నేర్పింది. ఆవిడ పోయినప్పుడు పాడె మోసింది వాళ్ళే. దారి ఎవర్నీ అడగలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో నర్సులు మర ముట్టుకునే ముందు బిడ్డ పెదాలు చూస్తారు. ఇంకో సంగతి. ఎవరైనా తన తప్పు నలుగురిలో చెప్పాల్సి వచ్చి, నోరు పెగలక నిలబడితే, పక్కవాళ్ళు వీపు తట్టి "గవరమ్మని తలుచుకో" అంటారు. తలుచుకుంటే మాట వస్తుందట.