అయిదు వేళ్ల శాస్త్రం

మందారగిరి రాజావారికి ఏదైనా తోచిందంటే ఆ పూటే జరిగిపోవాలి.

“ఇవాళ అమ్మాయి హార్మోనియం వాయిస్తే సభ తల ఊపాలి. ఊపకపోతే ఆ పెట్టెను వంటశాలకు పంపి పొయ్యి ఊదిస్తాను!” అన్నారు.

రాజకుమారి అలివేణి పెట్టెను రెండు చేతులా దగ్గరకు లాక్కుంది. ఆ పెట్టె ఆమెకు ప్రాణం. (దివాణం పొయ్యిలు మహా మొండివి. పచ్చి కట్టెలు కదా! సరే, ఆ గొడవ మనకెందుకు.)

వాయించింది. స్వరం ఒక్కటీ తప్పలేదు. తల ఒక్కటీ ఊగలేదు.

రాజావారికి కబుర్లు చెప్పడమే ఉద్యోగంగా గల బుచ్చన్న మాత్రం ఆమె వేళ్లనే చూస్తున్నాడు. అయిదు మెట్లు నొక్కగానే చెయ్యి ఆగుతోంది, పక్కకు జరుగుతోంది, మళ్లీ మొదలవుతోంది. పాట ఎక్కిళ్లు పెడుతోంది.

“ఎవరు నేర్పారమ్మా ఈ ఆగడం?”

“నేనే!” అన్నారు ఆస్థాన విద్వాంసులు పేరిశాస్త్రిగారు, కండువా సర్దుకుంటూ. “చేతికి అయిదు వేళ్లు. అయిదు కాగానే ఆగాలి. అది శాస్త్రం. అమ్మాయిగారికే సంగీతం అబ్బలేదు.”

“అయితే శాస్త్రిగారూ, ‘రాజావారికి బుద్ధి తక్కువేమీ కాదు’ అన్న మాట, మీ శాస్త్రప్రకారం అక్షరానికో వేలు మడుస్తూ చెప్పండి” అన్నాడు బుచ్చన్న.

రాజావారిని పొగడమంటే శాస్త్రిగారికి పండగే. గొంతు సవరించుకున్నారు.

“రాజావారికి...” చెయ్యి జరిపారు. “బుద్ధి తక్కువే...”

“ఏమిటీ!” రాజావారు లేచి నిలబడ్డారు.

“...మీ కాదు! మీ కాదు ప్రభూ! అక్షరం పొల్లు పోలేదు!”

బుచ్చన్న చేతులు జోడించాడు.

“అమ్మాయిగారికీ స్వరం పొల్లు పోలేదు ప్రభూ. మాట విరిగింది, అంతే!”

రాజావారు ఫక్కున నవ్వి కూర్చున్నారు.

బుచ్చన్న రాజకుమారి వైపు తిరిగాడు. “పెట్టె ముట్టకుండా ఒకసారి నోటితో పాడండమ్మా. మాట ఎక్కడ ముగుస్తోందో వినండి.”

ఆమె పాడింది. పాడుతూనే కళ్లు పెద్దవి చేసింది. “పైకెళ్లి పంచమం మీద నిలబడితే ఏదో అడుగుతున్నట్టుంది బుచ్చన్నా! దిగి షడ్జమానికి వస్తే జవాబు చెప్పినట్టుంది!”

“అదేనమ్మా! అడిగాక ఆగండి, చెప్పాక ఆగండి. మధ్యలో వేళ్లు అయిపోతే బొటనవేలు మిగతా వేళ్ల కిందనుంచి జారిపోవాలి, ఎవరికీ తెలియకుండా.”

ఈసారి పాట అడిగింది, జవాబు చెప్పింది. సభంతా తలలూపింది. అందరికంటే జోరుగా పేరిశాస్త్రిగారి తల ఊగుతోంది, ఆయనకు తెలియకుండానే.

“శాస్త్రిగారూ, మీ తల!” అన్నారు రాజావారు.

“అయిదుసార్లు ఊగాక ఆగుతుందిలెండి ప్రభూ!” అన్నాడు బుచ్చన్న.

సభ గొల్లుమంది. శాస్త్రిగారికీ నవ్వాగలేదు. రాజావారు కళ్లు తుడుచుకుంటూ, “పెట్టె నీదేనమ్మా!” అని, భుజం మీది జరీ శాలువా తీసి బుచ్చన్న మీదికి విసిరారు.