రాజుగారి కొమ్ములూ రబ్బరు దిమ్మా

“ఉగాది వెళ్లేలోపు కాన్పుల బండి ఎత్తు పెంచిస్తాను. సుద్దకోనలో చివరి గుడిసె నుంచి కూడా ఏ తల్లీ నొప్పులతో నడిచి రానక్కరలేదు. ఇది నా కొమ్ముల మీద ఆన!”

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక రాజు. ఆ రాజుకు ఒక నోరు. ఆ నోటి నుంచి ఒకనాడు వచ్చిన మాట ఇది. రాజు పేరు మహిధరుడు, అడవిదున్న. ఆయన కొమ్ముల మీద ఆన అంటే మాటలు కాదు.

అడవి అంతా జేజేలు కొట్టింది. సుద్దకోన దుప్పి పున్నాలు మాత్రం ఏడ్చేసింది. కిందటేడు నొప్పులతో నడిచి వస్తూ, వాగులోనే తొలిచూలు బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆమె. ఇప్పుడు మళ్లీ నెలలు నిండుతున్నాయి.

కాన్పుల బండి అంటే నొప్పులొచ్చిన తల్లులను ఊళ్లోకి తెచ్చే ఒక పాత జీపు. కోనకొకటి చొప్పున నాలుగున్నాయి, సుద్దకోనది ఇది. దాని పొట్ట నేలకు ఆనేంత కురచ. వాగులో బండ తగిలితే అక్కడే కూలబడేది. రాజాజ్ఞ ప్రకారం దానికి పొడుగాటి స్ప్రింగులు వేశారు, పెద్ద టైర్లు తొడిగారు. జీపు కొంగలా లేచి నిలబడింది.

కానీ ఒక్కటి మరిచారు. గతుకుల్లో చక్రాలతో పాటు వెనుక ఇరుసు పైకి ఎగురుతుంది కదా! అది హద్దు దాటకుండా, బండి చట్రం కింద రెండు పక్కలా రబ్బరు దిమ్మలు ఉంటాయి. ఇరుసు వచ్చి వాటికి తగిలి ఆగుతుంది. టైరు పెద్దదైతే ఆ దిమ్మలు కూడా కిందికి దిగాలి. దిగకపోతే, ఇరుసు దిమ్మను చేరకముందే టైరు వెళ్లి పై రేకుకు గుద్దుకుంటుంది.

జీపు తోలే గుడ్డేలుగు గురవయ్య ఆ మాటే మంత్రితో అన్నాడు. మంత్రి నక్క, పేరు వాక్పతి. ఆయన పకపకా నవ్వాడు.

“ఎదిగేవాడికి హద్దు గుర్తుచేస్తావేమయ్యా? ఎదుగుదలకు హద్దుల్లేవు! ఆ మాట బండి మీద రాయించు.”

రాయించారు. దిమ్మలు పాతచోటే ఉండిపోయాయి.

మొదటిసారి జీపులో మంత్రసాని ముళ్లపంది సూరీడమ్మ ఎక్కి కూర్చుంది. ఊరి పొలిమేరలో మొదటి గోతిలోనే రేకు టైరును కొరికింది. ఢామ్మని పేలింది. సూరీడమ్మ కాళ్లీడ్చుకుంటూ కోటకు వచ్చింది.

“ఏమైందమ్మా?” అన్నాడు వాక్పతి.

“మీ నినాదానికి ఏమీ కాలేదు మంత్రిగారూ, అక్షరం చెదరలేదు. టైరే పేలింది.”

వాక్పతికి రోషం వచ్చింది. “దిమ్మే కదా కావాలి!” అని మూరెడు దిమ్మలు చేయించి బిగించాడు. అవి ఇరుసుకు ఇంచుమించు ఆనుకునే ఉన్నాయి. ఇక స్ప్రింగులు ఉన్నా లేనట్టే. రెండోసారి జీపు కదిలితే గులకరాయి ఎక్కినా దెబ్బ నడినెత్తికి తగిలింది.

“నేను బండి తోలుతున్నానా, వడ్లు దంచుతున్నానా?” అని గురవయ్య మొత్తుకున్నాడు.

“కడుపుతో ఉన్నదాన్ని ఇందులో ఎక్కిస్తే సగం దారిలోనే కంటుంది నాయనా, తిప్పు వెనక్కి!” అంది సూరీడమ్మ.

మూడోసారి రాజుగారే పరీక్ష చూస్తానన్నాడు. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. రాజు గిట్టకు మట్టి అంటకూడదు. అందుకని దేన్నయినా ఆయన ప్రాంగణానికే తెచ్చి పరీక్షించాలి. ప్రాంగణమేమో అరచేయిలా చదును. అక్కడ జీపు వెనుక చక్రాలు రెండింటినీ సమానంగా పైకి లేపి చూశారు. టైరు రేకుకు తగలబోయేచోట ఆపి, సరిగ్గా అంతకే దిమ్మలు కోశారు. మిగతా మూడు కోనల జీపులకూ అక్కడే అలాగే చేశారు. భేరీలు మోగాయి.

సూరీడమ్మ లేచింది. “ఒక చక్రం బండ మీద, ఒక చక్రం గుంటలో పెట్టి చూశారా అయ్యా?”

“ప్రాంగణంలో బండలు ఉండవమ్మా,” అన్నాడు వాక్పతి.

“వాగులో ప్రాంగణం ఉండదయ్యా!”

వాక్పతి భేరీలు మళ్లీ మోగించమని సైగ చేశాడు. 

వేసవి మధ్యలో ఒకనాడు జడివాన కురిసింది. అదే రోజు పున్నాలుకు నొప్పులు మొదలయ్యాయి. సూరీడమ్మతో జీపు వచ్చింది, ఎక్కించుకుంది, వాగులో దిగింది. నడుమ ఒక వెనుక చక్రం బండ ఎక్కింది, రెండోది గుంటలో దిగింది. ఒంటరిగా పైకి లేచిన చక్రం లోపలికి వాలింది. టైరు రేకు కింద ఇరుక్కుని బిగుసుకుపోయింది. జీపు ఇటు కదలదు, అటు కదలదు. నీళ్లు పెరుగుతున్నాయి.

పున్నాలు దిగి ఆ బండ మీదే కన్నది. తడిసిన బిడ్డ జారి నీళ్లలో పడింది. గురవయ్య దూకి మెడ పట్టి పైకి తీశాడు. బిడ్డ అరవలేదు. సూరీడమ్మ దాన్ని ఒడిలో వేసుకుని రుద్దింది, ఊదింది, మళ్లీ రుద్దింది. అప్పుడు అరిచింది.

మర్నాడు పొద్దున్నే దండోరా వేశారు. ఏమని? “కాన్పుల బండిలో తొలి కాన్పు! తల్లీ బిడ్డా క్షేమం! రాజు మాట నెగ్గింది!”

విన్నారా పిల్లలూ? నెగ్గిందట! పున్నాలు ఆ దండోరా విని, “నేను బండ మీద కదమ్మా కన్నాను?” అని సూరీడమ్మను అడిగింది. తన కళ్లతో చూసినదాన్నే అనుమానించేలా చేసింది ఆ దండోరా. అంతకు మించిన దొంగతనం ఏముంది?

సూరీడమ్మ ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. అయినా నెమ్మదిగా కోటకు వెళ్లింది.

“ప్రభూ, బిడ్డకు మీ నోటితోనే పేరు పెట్టాలి. మీరు ఎత్తు పెంచిన బండిలోనే రండి.”

రాజు మురిసిపోయాడు. వాక్పతికి మాత్రం ఉన్నట్టుండి తలనొప్పి వచ్చింది. ఆయన రాలేదు.

వాగు తీయగానే జీపును బయటికి లాగి, రాజును ఎక్కించుకుని మళ్లీ అదే దారిన వచ్చారు. వాగు తీసింది, బండ ఉంది. అదే చక్రం అదే బండ ఎక్కింది. టైరు మళ్లీ బిగుసుకుపోయింది. రాజుగారి కొమ్ము జీపు పైగుడ్డను చీల్చుకుని బయటికి వచ్చింది.

“దిగండి ప్రభూ,” అంది సూరీడమ్మ.

“రాజు గిట్టకు మట్టి అంటకూడదు!”

“బిడ్డ పడింది ఈ నీళ్లలోనే ప్రభూ. దానికి అంటింది.”

రాజు దిగాడు. వంగి చూశాడు. ఒక చక్రం పైకీ ఒకటి కిందికీ ఉండటం ఆయన పుట్టాక అదే చూడటం.

“నా ప్రాంగణంలో తగల్లేదే!” అన్నాడు నివ్వెరపోయి.

“మీ ప్రాంగణంలో ఎవరూ కనరు ప్రభూ. కొమ్ముల మీద ఆన చేశారు కదా, ఆ కొమ్ములతోనే ఎత్తండి.”

మహిధరుడు తల వంచాడు. ముందు జీపును ఒడ్డుకు నెట్టాడు. గురవయ్య ఒక పక్క స్ప్రింగు విప్పాడు. రాజు కొమ్ములతో ఆ పక్క చక్రాన్ని మెల్లగా లేపసాగాడు. టైరుకూ రేకుకూ రెండు వేళ్ల సందు మిగలగానే గురవయ్య “ఆగండి!” అని అరిచాడు. ఇరుసుకూ చట్రానికీ నడుమ ఎంత ఖాళీ ఉందో చూసి, దెబ్బకు రబ్బరు నలుగుతుంది కనుక కాస్త పొడుగే ఉంచి, వెంట తెచ్చిన రబ్బరులోంచి దిమ్మ కోసి బిగించాడు. తర్వాత రెండో పక్క. రాజు మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి. బురద మోకాళ్లకు ఎక్కింది. ఎవరూ భేరీ మోగించలేదు.

ఆ సాయంత్రం జీపు వాగు దాటింది. చక్రం బండ ఎక్కింది, ఇరుసు మెత్తగా దిమ్మకు ఆనింది, దిగింది. సుద్దకోనలో పున్నాలు బిడ్డను రాజు ముందు నిలబెట్టింది. రాజు దాన్ని చూసి, “దీని పేరు ఆన,” అన్నాడు. 

కోన అంతా చప్పట్లు కొట్టింది. సూరీడమ్మ కొట్టలేదు.

“ఒక జీపు బాగుపడింది ప్రభూ. మిగతా మూడు కోనల జీపుల్నీ మీ ప్రాంగణంలోనే చూశారు. అక్కడా తల్లులున్నారు. మేం అడిగేది భిక్ష కాదు, హక్కు. వాటి సంగతేమిటో వాగులు నిండకముందే చెప్పాలి. కోటలో కాదు, ఈ బండ దగ్గర.”

అందుకే పిల్లలూ, మాట ఇచ్చినవాడు దాని బరువును తన మెడ మీదే మోసి ఎగుడుదిగుడు దారిలో నెగ్గించి చూపాలి. అడిగేవాళ్లు చప్పట్లతో ఊరుకోకూడదు, గడువు పెట్టాలి. సుద్దకోన పెట్టిన గడువు, వానలు దిగే మృగశిర కార్తె తొలిపొద్దు.