ఎర్రగుడ్డ వచ్చేదాకా

కంబగిరి మాస్టారును ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, బండి తీయమంటారు. కళ్యాణదుర్గం అవతల కొండ కింద ఆయనకొక రేకుల షెడ్డు ఉంది. అక్కడ ఆయన మట్టిదారుల్లో మోటారుసైకిలు నడపడం నేర్పుతారు. తారురోడ్డు మీద మనిషి బండిని నడుపుతాడు, కంకర మీద బండే మనిషిని నడుపుతుంది అనేది ఆయన మాట. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఆయన్ను గురువుగానే చూస్తారు. ఆయన మాత్రం మాస్టారు అంటేనే పలుకుతారు.

శిష్యుల్లో మద్దిలేటి అనే అతనికి ఆ ఏడంతా ఒకటే ధ్యాస. కణేకల్లు ఇసుకదిబ్బల దగ్గర బయల్దేరి, చక్రానికి తారు అంటకుండా, కంకర దారుల మీదే నాలుగు రోజుల్లో గండికోట చేరాలి. ఆదివారం వస్తే చాలు, తన బుడిపెల టైర్ల బండి వేసుకుని ఒక్కడే పోయి దారిలో ఒక్కో ముక్క వెతికి వచ్చేవాడు. ఏ వంకలో నీళ్ళు నిలుస్తాయి, ఏ ఊళ్ళో పెట్రోలు సీసాల్లో అమ్ముతారు, ఏ బడి వరండాలో పడుకోనిస్తారు, అన్నీ కనుక్కున్నాడు. చివరికి ముక్కలన్నీ అతికి పెద్ద కాగితం మీద దారి గీశాడు. ఆ కాగితం షెడ్డులో పరిచిన రోజు అందరూ దాని మీద వంగి వేళ్ళతోనే గండికోట చేరిపోయారు. నోటితో ఇంజను చప్పుడు చేసిన పెద్దమనుషులూ ఉన్నారు.

మాస్టారుతో కలిపి ఎనిమిది మంది పోవాలని తేలింది. ముందు ఎవరు నడపాలో మాత్రం మాస్టారు చెప్పలేదు. మద్దిలేటి ఓపిక పట్టి పట్టి, ప్రయాణం ఇంకో వారం ఉందనగా అడిగేశాడు.

"దారి నేను గీసినా. అందులో ప్రతి గుంతా నాకు తెలుసు. ముందు పోయేదానికి నాకింకా ఏం తక్కువ మాస్టారూ?"

మాస్టారు వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ విన్నారు. "రేపు గాలిమరల కొండకు పోదాం. అందరినీ రమ్మను," అన్నారు.

మద్దిలేటి గీసిన దారిలోదే ఆ కొండ. దాని మీద గాలిమరలు నిలబెట్టేటప్పుడు ఒక్కో మర దగ్గరికి ఒక్కో కంకర దారి వేశారు. అన్నీ ఒకే రంగు, ఒకే వెడల్పు. ఒకటి శిఖరానికి పోతుంది, ఒకటి లోయలో ఆగిపోతుంది. ఫోను పలకదు. ముందు బండి లేపిన దుమ్ములో వెనక బండికి ఏమీ కనిపించదు కాబట్టి ఎడం ఎక్కువ పెట్టుకుని పోవాలి. అందుకే మాస్టారు ఒక పద్ధతి పెట్టారు. దారి చీలిన ప్రతిచోటా, ముందు బండి వెనకున్నవాడు ఆగి నిలబడాలి. వచ్చినవాళ్ళకు వచ్చినట్టు చేత్తో మలుపు చూపించాలి. అందరికంటే వెనక బండికి, లారీలో ఇనుప కడ్డీల చివర కట్టినట్టు, ఒక ఎర్రగుడ్డ కడతారు. ఆ గుడ్డ కనిపించాకే నిలబడినవాడు కదలాలి. ఎవరూ నిలబడని చోట మలుపు తిరగకూడదు, నేరుగా పోవాలి. ఇలాంటివి అన్ని గుంపుల్లోనూ ఉంటాయి, ఇందులో వింతేముంది అని ఎవరైనా అంటే అననీ. పద్ధతి చెప్పడానికి నేను ఈ సంగతి రాయడం లేదు.

ఆ రోజు ఎర్రగుడ్డ ఖాజాకు దక్కింది. కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన వయసులో పెద్దవాడు, బండి నడపడంలో నిదానస్థుడు. అందరికీ మామ. మాస్టారు ముందు బండి నడిపారు, వెనకే మద్దిలేటి. కొండ మొదట్లోనే దారి చీలింది. మద్దిలేటి ఆగి, కుడివైపు ఎక్కే దారికి చెయ్యి చాపి నిలబడ్డాడు. ఒకరి తర్వాత ఒకరు ఐదుగురూ కంకర చిమ్ముకుంటూ అతన్ని దాటి పైకి పోయారు. ఖాజా రాలేదు.

దుమ్ము అణిగింది. పైనుంచి వినబడే ఇంజన్ల చప్పుడు సన్నబడి ఆగిపోయింది. ఆ పైన ఉన్న ఎక్కుడు మద్దిలేటికి ప్రాణం. మలుపు మలుపుకీ కింద చెరువులు ఒక్కొక్కటే బయటపడే దారి అది. అక్కడ అందరి ముఖాలూ ఎలా ఉంటాయో చూడాలని ఏడాదిగా అనుకుంటున్నాడు. అప్పుడు అతనికి గొర్రెల బాట గుర్తొచ్చింది. కింద విడిపోయి పైన కలిసే బాట. ఖాజా మామ ఈ ప్రాంతం మనిషే, ఆ బాట పట్టి ఎప్పుడో పైకి చేరి ఉంటాడు. అలా అనుకోగానే అది నిజమే అనిపించింది. మద్దిలేటి బండి తీశాడు.

పై మలుపులో హిమబిందు నిలబడి ఉంది. బండి నేర్చుకుని రెండు నెలలు కాలేదు.

"అన్నా, ఎర్రగుడ్డ ఏదీ?"

"గొర్రెల బాటలో పైకి పోయింటాడు. పదమ్మా, పోదాం."

"నేను చూడలేదే."

"దారి నాకు తెలుసు గదా, నేను చెప్తాండా. రా."

"నీకు తెలుసన్నా. నాకు తెలిసింది ఈడ నిలబడేదొక్కటే. నువ్వు పో."

ఆ పై మలుపులోనూ అంతే, ఆ పైనా అంతే. ఒకరు గొడుగులా చెట్టుకొమ్మ పట్టుకుని, ఒకరు బండి నీడలో గొంతుక్కూర్చుని, ఎవరి మలుపు దగ్గర వాళ్ళు. ఎవరూ కదలలేదు. మద్దిలేటి శిఖరం చేరేసరికి అక్కడ గాలిమర కింద మాస్టారు ఒక్కరే కూర్చుని వేరుశెనక్కాయలు తింటున్నారు. చెరువులన్నీ కింద మెరుస్తున్నాయి. చూసేవాళ్ళు లేరు.

"ఏమప్పా, అందరేరీ?"

"నిలబడినారు మాస్టారూ."

మాస్టారు జరిగి పక్కన చోటిచ్చారు. "నువ్వడిగిన చోటు ఇదే. కూర్చో."

మద్దిలేటి కూర్చోలేదు. ఖాజా మామ గొర్రెల బాటలో రాలేదని అప్పుడే అర్థమైంది. దానితోపాటే ఇంకొకటి కూడా. కింద ఆ చీలిక దగ్గర మలుపు తిరగకుండా నేరుగా పోతే వచ్చేది రాళ్ళు తీసి వదిలేసిన క్వారీ. దారి తిన్నగా పోయి పోయి దాని అంచున తెగిపోతుంది. కాగితం మీద అతనే అక్కడ అడ్డగీత పెట్టాడు.

వచ్చిన దారినే కిందికి దిగాడు. నిలబడినవాళ్ళు అతన్నేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

చీలిక దగ్గర, సరిగ్గా తాను నిలబడిన చోటే, ఒక బండరాయి మీద ఖాజా కూర్చుని ఉన్నాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా గ్రీజు.

"చైన్ ఊడింది అబ్బీ. ఎక్కించుకోని వచ్చేసరికి ఈడ మనిషి లేడు. మనిషి లేకుంటే నేరుగా పొమ్మన్నారు గదా, పోయినా. ముందు చక్రం అంచు మీద ఆగింది. కింద ఎవరో పారేసిన చెప్పు కూడా కనపడింది నాకు." చేతుల గ్రీజు రాతికి రుద్దుకుంటూ అడిగాడు. "ఆ గుంత నీ కాగితంలో ఉండాదా?"

"ఉండాది మామా."

"మంచిది. బాగా గీసినావు."

ఖాజా లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "పద పద. పైన చెరువులు కనపడతాయంటివి, చూపీ. అంచు దాకా పోయొచ్చినోనికి అదన్నా దక్కనీ."

ఆ తర్వాత జరిగింది చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ముందు మద్దిలేటి, వెనక ఎర్రగుడ్డ రెపరెపలాడిస్తూ ఖాజా. మొదటి మలుపులో గుడ్డ కనబడగానే హిమబిందు కిక్కు కొట్టింది, ముగ్గురయ్యారు. పై మలుపులో ఇంకొకరు. ప్రతి మలుపులో ఒక ఇంజను లేచి కలిసింది. చప్పుడు పెరుగుతోంది, కంకర పాడుతోంది, దుమ్ము ఎండలో బంగారంలా లేచి కొండ చుట్టూ తిరుగుతోంది. చెరువులు ఒక్కొక్కటే బయటపడుతుంటే వెనకనుంచి కేకలు. మద్దిలేటి చెరువుల వైపు చూడలేదు. అద్దంలో ఎర్రగుడ్డను చూస్తూ ఎక్కాడు.

పైన కాగితం పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు. ఇంక ఎవరినీ పట్టలేం. మొదటి రాత్రి ఎక్కడ, ఉగ్గాని ఎక్కడ తినాలి, వంకలో నీళ్ళుంటే బండ్లు ఎలా దాటించాలి, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆ గోలలో మాస్టారు అడిగారు.

"నిన్న ఏందో అడిగితివే మద్దిలేటీ?"

మద్దిలేటి కాగితం మీదినుంచి తలెత్తలేదు. దారి చీలిన ప్రతిచోటా పెన్సిలుతో చిన్న సున్నా చుడుతున్నాడు. "అది తర్వాత మాస్టారూ. ఈ వంక కాడ ఎవరు నిలబడతారో తేలనీండి. ఈడ తప్పితే మళ్ళా మనిషి దొరకడు."

మాస్టారు ఒళ్ళోని తొక్కలు దులుపుకుని లేచారు.

"ఖాజా, ఆ ఎర్రగుడ్డ ఇట్లియ్యి. గండికోటకు వెనక నేనొస్తా."