వాకిట్లో ఉంటానన్న జనరేటరు

ఒక రాజుగారికి ఒక్కతే కూతురు. ఆ పిల్లకి ఆయాసం. ఊపిరాడనప్పుడు మందు పీల్చే చిన్న మిషను పెట్టాలి, అది నడవాలంటే కరెంటుండాలి. ఆ రాజ్యంలో కరెంటు ఎప్పుడు పోతుందో కరెంటుకే తెలీదు. అందుకని రాజు గ్యాసుతో నడిచే జనరేటరు తెప్పించాడు. కరెంటు పోగానే తనంతట తానే లేచి పనిచేసే రకం.

బండి దిగగానే జనరేటరు నోరు తెరిచి చెప్పింది. "రాజా, నన్ను ఆరుబయట, కిటికీలకి దూరంగా పెట్టండి. నేను వదిలే గాలికి రంగూ వాసనా ఉండవు గానీ మనిషికది విషం. నా చుట్టూ మనిషి తిరిగే చోటుంచండి. నన్ను ఆపే మీట చేతికందాలి. లోపలికొక తీగ లాక్కుంటే చాలు."

రాజు మంత్రి వైపు చూశాడు. "ఇంటికి వెలుగిచ్చేవాణ్ణి వాకిట్లో నిలబెడితే మర్యాదేనా?"

"పరువు పోదూ మహారాజా," అన్నాడు మంత్రి. "అయినా దాని వినయం చూశారా, ఎంత ముచ్చటగా ఉందో."

ఆయన తానా అంటే ఈయన తందానా. ఇంకేముంది, మేళతాళాలతో జనరేటరుని కోటలోకి మోశారు. పిల్ల గది పక్కనే పీఠం కట్టి, ముహూర్తం చూసి ప్రతిష్ఠ చేశారు. గ్యాసు గొట్టానికి సైతం పట్టుబట్ట చుట్టారు. ఒంటికి వెండి తొడుగు బిగించారు, మీట దాని కిందకి పోయింది. దుమ్ము పడుతుందని చుట్టూ అద్దాల గోడ లేపి తాళం వేశారు. లోపల్నుంచి అది "బయట, బయట" అంటూనే ఉంది. వినేవాళ్ళు మురిసిపోయారు.

ఓ సాయంత్రం కరెంటు పోయింది. జనరేటరు లేచింది. కోటంతా వెలుగు, సభంతా చప్పట్లు. కాసేపటికి ఒక్కొక్కరికీ తల పోటెత్తింది. రాణిగారికి వాంతులు మొదలయ్యాయి. "దిష్టి," అన్నాడు మంత్రి. ఇంత వెలుగు చూసి ఊరి కళ్ళు ఊరుకుంటాయా మరి. దిష్టి లోపలికి రాకుండా కిటికీలన్నీ మూయించాడు, పైగా సాంబ్రాణి వేయించాడు. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

"ఆపండిరా దాన్ని," అన్నాడు రాజు. తాళం తీశారు గానీ వెండి తొడుగు ఊడదే. బిగించిన కంసాలి పొరుగూరు వెళ్ళాడట.

పిల్ల పెదాలు నల్లబడ్డాయి. మందు మిషను చక్కగా నడుస్తోంది, పీల్చడానికి గాలే లేదు. తండ్రి చెయ్యి పట్టుకుని మెల్లిగా అంది. "నాన్నా, దాన్నెలాగూ బయట పెట్టరు. నన్నైనా పెట్టండి."

రాజు దిగ్గున లేచాడు. కిరీటం ఎక్కడ పడిందో చూసుకోకుండా పిల్లని ఎత్తుకుని గొడ్లచావిట్లోకి పరుగెత్తాడు. వెనకే రాణి, సభ, అందరూ వచ్చిపడ్డారు. గాలి తగిలి అందరూ తేరుకున్నారు. పిల్లకి మిషను కావాలి కాబట్టి కోటలోంచి చావిట్లోకి ఒక తీగ లాగారు.

"ఇదే తీగ అటు నుంచి ఇటు కాకుండా, ఇటు నుంచి అటు లాగితే పోయేదిగా నాన్నా?"

"నిజమేనమ్మా. కానీ ప్రతిష్ఠ చేసినదాన్ని కదిలిస్తే అరిష్టం."

కరెంటు ఎప్పుడు పోతుందో, అదెప్పుడు లేస్తుందో చెప్పలేరు కనక, రాజుగారి సంసారం చావిట్లోనే స్థిరపడింది. కరెంటు పోయినప్పుడల్లా ఖాళీ కోట ధగధగలాడుతుంది. రాజు ఆవుల పక్కన నులకమంచం మీద కూర్చుని, దోమల్ని తోలుకుంటూ కళ్ళప్పగించి చూస్తాడు.

"చూశావా తల్లీ, ఈ రాజ్యంలో ఇంత వెలుగు ఇంకెవరింట్లో ఉంది?"

"ఆ ఇల్లెవరిది నాన్నా?" అని అడిగింది పిల్ల.

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి అలవాటుకొద్దీ తలూపాడు.