ఘనవర్మ శంకువు పెరికిన కథ

పూర్వం, ఇప్పటి పర్వతాలు ఇంకా పుట్టని ఒకానొక కల్పంలో, సముద్రంలో విడివిడిగా తిరుగాడుతున్న భూఖండాలన్నీ మెల్లమెల్లగా దగ్గరికి జరిగి, ఒకదానినొకటి ఒరుసుకొని, ఒరుసుకొన్నచోటల్లా కొండలై లేచి, చివరకు ఏకద్వీపమై నిలువగా, దానిని సకలరాజన్యవందితుడైన ఘనవర్మ మహారాజు పాలించేవాడు. ఆయనకు తమ్ముడు జయంధరుడంటే పంచప్రాణాలు. తమ్ముడు పక్కన కూర్చుంటే తప్ప ముద్ద నోట పెట్టేవాడు కాదు.

ఖండాలు మళ్ళీ విడిపోతే తమ్ముడెక్కడ దూరమౌతాడోనని ఆయన బెంగ. ఇల్లు కట్టేముందు శంకువనే మేకు నాటితే నేల స్థిరపడుతుందని స్థపతులు చెప్పగా విని, భూమి మొత్తానికీ అదే విధి జరపదలచి, తాటిచెట్టంత ఇనుప శంకువును ద్వీపం నడుమ నిలబెట్టించి, తూర్పున తానూ పడమట తమ్ముడూ నిలిచి సుముహూర్తాన దిగగొట్టారు. కొలతలో లోపం లేదు, మంత్రంలో లోపం లేదు. ఇల్లూ భూమీ ఒకటే అనుకోవడంలోనే ఉంది పొరపాటంతా.

భూమి కదలిక మానింది. ఆ కల్పంలో రాజుల ఆయువు వేలఏళ్ళు; అలా వేయేళ్ళు గడిచాయి. సముద్రం మీద పుట్టిన మేఘాలు అంతదూరం రాలేక అంచులలోనే కురిసిపోగా, మధ్యదేశం ఎర్రటి ఇసుకైపోయింది. అక్కడి స్త్రీలు వట్టి కడవలతో రాజద్వారానికి వచ్చారు. వారిలో పెద్దదైన మృణ్మతి అంది:

“మహారాజా, నా మనుమరాలికి ఏడేళ్ళు. వాన అంటే ఏమిటని అడుగుతోంది. ఏం చెప్పమంటారు?”

రాజు వెంటనే, రాళ్ళను చూసి గతం చెప్పగల శిలాదర్శి మహర్షిని రప్పించి, పాదాలకు మొక్కి, కారణమడిగాడు.

“రాజా, భూదేవి గర్భంలో అగ్ని ఎన్నడూ ఆరదు. ఉడికే కుండకు మూతపెట్టి, ఆ మూతకు మేకు కొట్టావు. ఆ తల్లికి ఊపిరాడటం లేదు. శంకువు పెరికితే నేల చీలుతుంది, చీలికలోకి సముద్రం వస్తుంది, సముద్రం వెంట వాన వస్తుంది. అయితే నాటిన చేతులే పెరకాలి. చీలిక మీ ఇద్దరి నడుమే.”

“మునీంద్రా, వేరే ఉపాయం లేదా?”

“ఉంటే చెప్పేవాణ్ణే.”

రాజు మూడురోజులు అన్నం ముట్టలేదు. నాలుగోనాడు జయంధరుడు వచ్చి, “అన్నగారూ, మీకు మూడురోజుల ఆకలి. ఆ పిల్ల పుట్టిందగ్గరనుంచీ వాన ఎరగదు. లేవండి,” అన్నాడు.

ఇద్దరూ చెరొకవైపు పట్టి పెరికారు. నిప్పు ఎగసింది, నేల చీలింది, ఉప్పునీరు ఘోషిస్తూ లోపలికి వచ్చింది. అప్పుడు సర్వంసహ అయిన భూదేవి ప్రత్యక్షమై వరం కోరుకోమంది.

“తల్లీ, నా తమ్ముణ్ణి నాకియ్యి.”

“ఈ చీలిక ఇప్పుడు పూడదు నాయనా. కానీ నేను గుండ్రనిదాన్ని. ఏడాదికి గోరు పెరిగినంత మేర మీరు ఎడమౌతూ పోతే, ఎడమయ్యే దారే ఆవలివైపున దగ్గరయ్యే దారి. కల్పాంతాన కలుస్తారు. అందాకా మీకు ఆయువిచ్చాను.”

ఆవలిగట్టు మీదినుంచి జయంధరుడు చేతులు జోడించి, “అన్నగారూ, వేళకు భోంచేయండి. నేను అటు తిరిగి వస్తాను,” అన్నాడు.

మధ్యదేశంలో వాన కురిసింది. మృణ్మతి మనుమరాలు మొదట భయపడి, తరువాత దోసిలి పట్టింది. శంకువు నాటిన గుంత మాత్రం సగం ఈ ఒడ్డునా, సగం ఆ ఒడ్డునా మిగిలింది.

తమ్ముడు వెళ్ళింది పడమటికి. ఘనవర్మ మాత్రం ఆనాటినుంచి తూర్పుకు తిరిగి కూర్చుని, పక్కన ఒక పీట వేయించి, వేళకు భోంచేస్తున్నాడు.