పటికబెల్లం డబ్బా

మా వయొలిన్ మాస్టారు పేరిశాస్త్రిగారికి ఒక అలవాటు ఉంది. అపస్వరం పలికించిన పిల్ల, ఆయన పట్టుకునేలోపే కమాను ఆపి "తప్పు పడింది తాతగారూ" అని ఒప్పేసుకుంటే, పక్కనున్న రేకుడబ్బా మూత తీసి ఒక పటికబెల్లం పలుకు చేతిలో పెడతారు. తప్పులేకుండా వాయించినవాళ్లకు ఏమీ ఉండదు. ఇదెక్కడి న్యాయమని విజయనగరంలో చాలామంది తల్లిదండ్రులు నొచ్చుకున్నారు. చిన్నప్పుడు ఆ పలుకుల కోసం నేను కావాలనే తప్పులు వాయించి దొరికిపోయాను కూడా.

ఒక ఆదివారం ఉదయం నేను మాస్టారిని చూడ్డానికి వెళ్లి కూర్చుని ఉండగా శ్యామల తన ఎనిమిదేళ్ల కూతురు మేధను పాఠానికి తీసుకొచ్చింది. శ్యామలా ఆయన శిష్యురాలే, నాతోపాటు నేర్చుకుంది. మనిషి మంచిదే కాని కోపం ముక్కుమీదే ఉంటుంది.

"మాస్టారూ, ఈ ఫోన్లతో పిల్లలకు అన్నీ ఆపదలేనండీ. పదకొండు నియమాలు రాసి గోడకి అంటించాను. సరళీ వరసల్లా అప్పజెబుతుంది. అయినా నా భయం పోవడం లేదు. ఇంకేం నేర్పమంటారు?"

మాస్టారు జవాబు చెప్పేలోపే కూతురివైపు తిరిగి "ఏదీ, చెప్పు" అంది. మేధ చేతులు కట్టుకుని గుక్కతిప్పుకోకుండా చెప్పింది. తెలియనివాళ్లతో మాట్లాడను, ఫోటో పంపను, బడి పేరు చెప్పను, ఇలా పదకొండూ. మాస్టారు "బాగుంది" అని మాత్రం అని, గీతం వాయించమన్నారు.

రెండో ఆవర్తంలో గాంధారం జారింది. మేధ కమాను ఆపి ఒప్పుకుంది, పలుకు అందుకుంది. కాని నోట్లో వేసుకోలేదు. గుప్పెట్లో పట్టుకుని అలాగే నిలబడింది.

"ఇంకో తప్పుంది తాతగారూ. వయొలిన్‌ది కాదు."

మాస్టారు తన వయొలిన్ పక్కన పెట్టేశారు. "చెప్పు తల్లీ."

ఫోను ఆటలో ఎవరో స్నేహితురాలినంటూ పలకరించారట. యూనిఫారంలో ఫోటో అడిగితే మంగళవారం పంపిందట. ఇప్పుడు ఇంకా కావాలంటున్నారట. "పంపకపోతే మా అమ్మకి చెప్పేస్తారట" అని భోరుమంది.

శ్యామల దిగ్గున లేచింది. "నాకెందుకు చెప్పలేదే?"

మేధ మాస్టారి వెనక్కి జరిగింది. "నువ్వు కొడతావుగా."

శ్యామల ఒక అడుగు వెనక్కి వేసింది. అమ్మకి చెబుతామని తన పేరు చెప్పి మరీ ఎవరో తన పిల్లను భయపెట్టారని అప్పుడు తెలిసింది ఆమెకు. ఆ ముఖం చూసి నాకూ ఏడుపొచ్చింది.

"అడిగినవాళ్లదమ్మా తప్పు, నీది కాదు" అని మాస్టారు మేధ రెండో చేతిలో మరో పలుకు పెట్టారు. ఫోనులో ఏదీ చెరపకుండా వెంటనే పోలీసులకు చూపించమని శ్యామలకు చెప్పారు. నేనూ తోడు వెళ్దామని లేచాను.

గుమ్మం దగ్గర శ్యామల కూతుర్ని ఎత్తుకుంది. ఎత్తుకునే వయసు దాటినా ఆ పిల్ల వద్దనలేదు, తల్లి మెడ గట్టిగా పట్టుకుంది.

"పన్నెండోది ఏం రాయమంటారు మాస్టారూ?" అంది శ్యామల, కళ్లు తుడుచుకుంటూ.

మాస్టారు రేకుడబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

"ఇది మీ ఇంట్లో ఉంచమ్మా. పాపం, పిల్ల ఆదివారం దాకా ఆగాల్సి వచ్చింది."