తేనెరాయి వెలుగులో అక్షతలు

ఏ కాలమని అడిగితే చెప్పలేను. ఏ దిక్కని అడిగితే కొండల వైపు చెయ్యి చూపిస్తాను. ఆ కొండల నడుమ ఉండేది ఒక రాజ్యం. దాన్నేలిన తేజోవర్మ చెడ్డవాడేమీ కాదు. ప్రజల్ని పన్నులతో పీడించలేదు, పొరుగు రాజుల మీదికి ఊరికే దండెత్తలేదు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే. తన దగ్గరున్నది లోకంలో ఇంకెవరి దగ్గరా ఉండకూడదు. ఉన్నదాన్ని అందరూ పొగడాలి. పొగిడినవాడు వెళ్లేముందు ఇంకోసారి పొగిడి వెళ్లాలి.

ఆ కొండల్లో ఒకచోట తేనెరాయి దొరికింది. చూడ్డానికి మామూలు పాలరాయిలాగే ఉంటుంది. పలచని పలకగా కోసి, నునుపు చేసి, వెనక దీపం పెడితే మాత్రం ఆ వెలుతురు రాతిలోకి చొచ్చుకుని ఇవతలికి వస్తుంది. రాతిలోని చారలన్నీ తేనెధారల్లా మెరుస్తాయి. ఆ ముక్కను మొదటిసారి చూసిన రోజున రాజుగారు భోజనం సంగతే మరిచిపోయారు.

ఇంకేముంది, కొలువుకూటం గోడలన్నీ ఆ పలకలతో కట్టించారు. పలకల వెనక మనిషి నడిచేంత సందు వదిలారు. ఆ సందులో వరసగా దీపాలు, వాటిలో నూనె పోసే పనివాళ్లు. సభలో కూర్చున్నవాళ్లకు దీపం కనబడదు, వత్తి కనబడదు, గోడే వెలుగుతున్నట్టు ఉంటుంది. ఎండ పడితే ఆ మెరుపు చచ్చిపోతుందని కిటికీలన్నీ మూయించారు. సభలో వేరే దీపం వెలిగించకూడదన్నారు. తల్లి కామాంబ పడకగదికి కూడా అదే రాయి తాపడం చేయించారు. ఇక ఆ కోటలో పగలూ లేదు, రాత్రీ లేదు. తెల్లవారకముందే మొదలైన కొలువు పొద్దుగూకితే గాని లేచేది కాదు.

"సూర్యుడు మన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. చూశావా మాచనా?" అని రాజుగారు మురిసిపోయారు.

మాచన ఆ కొలువులో విదూషకుడు. మాటకు మాట అప్పజెప్పడం అతని ఉద్యోగం.

"చూశాను ప్రభూ. తమరు లోపలికి రానిస్తారేమోనని బయటే పడిగాపులు కాస్తున్నాడు, పాపం" అన్నాడు.

సభంతా గొల్లుమంది. రాజుగారు మెడలో హారం తీసి ఇచ్చారు. ఆ మాటలోని ఎత్తిపొడుపు ఎవరికీ అందలేదు. అందకపోవడమే మంచిదైందని మాచన ఆ పూటకి అనుకున్నాడు. తరవాత తరవాత అలా అనుకోలేకపోయాడు.

ఆ రోజు అందరికన్నా గట్టిగా నవ్వినవాడు వైణికుడు సింగరయ్య. మాచనకు ప్రాణస్నేహితుడు. భార్య పోయాక ఇంట్లో ఉండలేక కోటలోనే ఒక గదిలో ఉంటున్నాడు. చీకటితో లేచి వీణ తెచ్చుకుని తూర్పు గోడ పక్కన కూర్చున్నాడంటే, మళ్లీ చీకటి పడ్డాకే బయటికి వెళ్లేవాడు.

వానలు వెలిశాక సింగరయ్య నీరసపడ్డాడు. "అన్నం చేదుగా ఉంటోందిరా మాచా. వీణ ఎత్తుకుంటే వేళ్లు బరువెక్కుతున్నాయి" అన్నాడు ఒకరోజు.

మాచన అతని మొహంలోకి చూశాడు. గోడల వెలుగులో అది పచ్చగా నిగనిగలాడుతోంది. "నీకేం రోగంరా? మేలిమి బంగారంలా మెరిసిపోతుంటే! భాండాగారం వాళ్లు చూశారంటే నిన్నూ పెట్టెలో పెట్టి తాళం వేస్తారు, జాగ్రత్త" అన్నాడు.

సింగరయ్య నవ్వాడు. మాచన ఏమన్నా నవ్వడం అతనికి అలవాటు.

రాజవైద్యుడు భీమశాస్త్రి కూడా అతన్ని కూటంలోనే చూశాడు. నాడి పట్టుకున్నాడు, కనురెప్ప ఎత్తి చూశాడు. ఆ వెలుగులో అందరి కళ్లూ పసుపే, చూస్తున్న శాస్త్రి అరచెయ్యీ పసుపే. "అజీర్ణం" అని తేల్చి శొంఠి కషాయం ఇచ్చాడు. ఆ నెల దాటకుండానే సింగరయ్య పోయాడు.

పాడె కోట గుమ్మం దాటి ఎండలోకి వచ్చింది. ఒక కొమ్ము మోస్తున్న మాచన తల తిప్పి చూసి, నడక మరిచిపోయాడు. సింగరయ్య మొహం, మెడ, గోళ్లు, అన్నీ పసుపు పూసినట్టున్నాయి. కామెర్లు! అంత ముదిరినవి ఎవరికైనా తెలుస్తాయి. ఒక్క పూట చెయ్యి పట్టుకుని ఎండలోకి తీసుకొచ్చి ఉంటే తెలిసిపోయేది. మాచన తీసుకురాలేదు. బంగారమన్నాడు.

శ్మశానంలో నోట్లో బియ్యం పోసే వేళ అతని వంతు వచ్చింది. అరచేతిలో తెల్లని బియ్యం, దాని కింద పచ్చని మొహం. వెనకనున్నవాళ్లు భుజం తట్టేదాకా మాచన అలాగే ఉండిపోయాడు.

అక్కణ్ణించి నేరుగా రాజుగారి దగ్గరికి వెళ్లాడు. "ప్రభూ, ఆ వెలుగులో మనుషుల అసలు రంగు తెలియడం లేదు. దానివల్లే సింగరయ్య పోయాడు" అన్నాడు.

రాజుగారు మొహం గంటు పెట్టుకున్నారు. "స్నేహితుడు పోయిన బాధలో ఉన్నావు గనక ఊరుకుంటున్నాను. మనిషి పోతే నా గోడలేం చేస్తాయి? ఏం శాస్త్రిగారూ?"

శాస్త్రిగారు ఇరుకున పడ్డారు. రాయిది తప్పంటే రాజుకి కోపం, రోగం పోల్చుకోలేకపోయానంటే తనకి తలవంపు. "అజీర్ణమే ప్రభూ. చివర్లో పైత్యం ప్రకోపించి ఉంటుంది" అన్నారు, మాచన వైపు చూడకుండా.

ఆ తరవాత మాచన నోట చమత్కారం రాలేదు. కొలువుకు వచ్చేవాడు, ఖాళీగా ఉన్న వీణ పీట వైపు చూసేవాడు, వెళ్లిపోయేవాడు. అలాగే ఉండిపోయేవాడేమో. కానీ ఒకనాడు కామాంబ కబురుపెట్టారు.

కామాంబ రాజుకే కాదు, మాచనకూ తల్లే. చిన్నప్పుడే అమ్మ పోయినవాడని ఆవిడే పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టి పెంచారు. అతను వెళ్లేసరికి ఆవిడ ముందున్న పళ్లెం అంటుకోకుండా ఉంది.

"ఏమిటోరా మాచా, ఈమధ్య అన్నం చేదుగా ఉంటోంది. లేచి నాలుగడుగులు వేద్దామన్నా ఓపిక ఉండడం లేదు. నువ్వేదైనా నవ్వించే మాట చెబుతావని పిలిపించాను" అన్నారు.

సింగరయ్యదీ ఇదే మాట! మాచన ఆవిడ మొహంలోకి చూశాడు. పచ్చగా నిగనిగలాడుతోంది. పక్కనున్న దాసి మొహం కూడా అలాగే ఉంది. ఏం తెలుస్తుంది?

"అమ్మగారూ, ఒక్కసారి తోటలోకి రండి. నా మాట వినండి."

"వాడు ఒప్పుకోడురా. ఇంత మందిరం కట్టిస్తే రాజు తల్లికి చెట్టు కింద కూర్చునే గతి పట్టిందా అని జనం నవ్వుతారట."

మాచన రాజుగారి దగ్గరికి పరుగెత్తి, అమ్మగారిని ఒక్కసారి ఎండలో చూడమని కాళ్ల మీద పడ్డంత పని చేశాడు. రాజుగారు వినలేదు.

"మళ్లీ నా గోడల మీద పడ్డావా? సరే, ఎల్లుండి నా పుట్టినరోజు. నిండు సభలో, నా కళ్లకు కనబడేలా ఈ మందిరంలో లోపం చూపించు. చూపించావా, అడిగింది ఇస్తాను. చూపించలేకపోయావా, మర్నాడు ఈ రాజ్యంలో నీ నీడ కూడా కనబడకూడదు."

"అమ్మగారు సభకు వస్తారా ప్రభూ?"

"రాకపోవడమేమిటి? నా తల్లి దీవించకుండా నాకు పుట్టినరోజా?"

"అయితే చాలు" అన్నాడు మాచన.

పుట్టినరోజు వచ్చింది. గోడలు తేనె కారుతున్నట్టు వెలుగుతున్నాయి. తల్లి పక్కన రాజుగారు పట్టుబట్టలతో కూర్చున్నారు. మాచన రెండు వెండి పళ్లాలు పట్టుకుని వచ్చాడు.

"లోపం సంగతి తరవాత చూద్దాం ప్రభూ. ముందు దీవెనలు కానివ్వండి. ఒక పళ్లెంలో పసుపు కలిపిన అక్షతలు, రెండోదాంట్లో పసుపు తగలని ఉత్త బియ్యం అనుకోండి. శుభానికి పనికొచ్చేవేవో తమరే ఎంచి ఇవ్వాలి."

పసుపు లేని బియ్యం ఎక్కడ వాడతారో తెలియనివాళ్లెవరు?

రాజుగారు ఈ పళ్లెం చూశారు, ఆ పళ్లెం చూశారు. రెండూ ఒకే పసుపు. వాసన చూద్దామని వంగబోయి, నిండు సభలో రాజన్నవాడు బియ్యం వాసన చూడడమేమిటని మళ్లీ నిటారుగా కూర్చున్నారు. "రాజు కంటికి అందనిదుంటుందా? ఇవే అక్షతలు" అని కుడివైపు పళ్లెం చూపించారు.

"శాస్త్రిగారూ, తమరేమంటారు?"

"ప్రభువు సెలవిచ్చాక ఇంక అనుమానమెందుకు? అవే" అన్నారు భీమశాస్త్రి.

పళ్లెం సభంతా తిరిగింది. కామాంబ ముందుగా కొడుకు నెత్తిన వేశారు. పండితులు శతమానం పలికారు. అందరూ తలా ఒక గుప్పెడు వేశారు.

అందరూ వేశాక మాచన తూర్పు వాకిలి దగ్గరికి వెళ్లి, తెర లాగేసి, గడియ తీసి, తలుపులు రెండూ బార్లా తెరిచాడు.

ఎండ లోపలికి వచ్చింది. గోడలు మామూలు రాళ్లయిపోయాయి. రాజుగారి కిరీటం మీద, భుజాల మీద, ఒడిలో తెల్లగా ఉత్త బియ్యం.

"అయ్యయ్యో!" అన్నారెవరో.

రాజుగారు కత్తి పట్టుకుని లేచారు. "ద్రోహీ! నా పుట్టినరోజున నా నెత్తిన శవం నోట్లో పోసే బియ్యం పోయిస్తావా?"

"ఎంచింది తమరు. ఔనన్నది శాస్త్రిగారు. వేసింది ఈ సభ. పసుపు లేనిచోట ఇంతమందికీ పసుపు కనబడింది ప్రభూ. మరి నిజంగా పచ్చబడ్డ మనిషిని ఇక్కడ ఎవరు పోల్చుకోగలరు? నా తల ఎక్కడికీ పోదు, తరవాత తీసుకోండి. ముందు అమ్మగారిని చూడండి."

రాజుగారు తిరిగి చూశారు. కామాంబ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ చెయ్యి పచ్చగా ఉంది. అరచేతికి అంటుకున్న నాలుగు గింజలు తెల్లగా ఉన్నాయి. కళ్లు పసుపు నీళ్లలో ముంచినట్టున్నాయి.

"అమ్మా!" కత్తి కింద పడిపోయింది.

శాస్త్రిగారు తడబడుతూ వచ్చి ఆవిడ కనురెప్ప ఎత్తి చూశారు. "కామెర్లే ప్రభూ. ఇంకా ముదరలేదు, నయం చెయ్యొచ్చు." ఆగి, ఎవరూ అడగకుండానే అన్నారు: "సింగరయ్యకూ ఇవే. నేను పోల్చుకోలేదు. ఆ తరవాత తెలిసీ ఒప్పుకోలేదు."

కామాంబ మంచం తోటలోని మండపానికి మారింది. నేల ఉసిరి పసరు తాగుతూ, మజ్జిగ అన్నం తింటూ ఆవిడ మెల్లమెల్లగా తేరుకున్నారు. "ఇవాళ అన్నం కమ్మగా ఉందిరా" అని ఆవిడ అన్న రోజున రాజుగారు చాలాకాలానికి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, మాచనను పిలిచారు.

"ఒక్కటి చెప్పరా. నేను పొరపాటున ఆ రెండో పళ్లెం ఎంచి ఉంటే ఏం చేసేవాడివి?"

"రెండోదీ ఉత్త బియ్యమే ప్రభూ. అమ్మగారి ప్రాణాన్ని అదృష్టానికి వదిలేస్తానా?"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "నిండు సభలో నన్ను వాసన కూడా చూడనివ్వలేదు కదరా!"

"నేను వద్దనలేదు ప్రభూ. వంగినవారు మళ్లీ నిటారుగా కూర్చున్నారు."

రాజుగారు కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వారు. నవ్వు ఆగినా నీళ్లు ఆగలేదు. "నీ మాట మొదటే విని ఉండాల్సింది మాచనా. సింగరయ్య పాడె లేచిన రోజునే విని ఉండాల్సింది. అడుగు, ఏం కావాలి?"

"తూర్పు గోడలో పలకలు తీయించి ఒక కిటికీ పెట్టించండి. సింగరయ్య కూర్చునే చోట ఎండ పడాలి."

కిటికీ పెట్టించారు. కొలువుకు ఎవరొచ్చినా ముందు ఆ ఎండలో నిలబడాలి, రాజుగారు మొహం చూడాలి, ఆ తరవాతే మనవి. అది అక్కడి ఆచారమైపోయింది. గోడల వెనక దీపాలు పండగ సాయంత్రాలకు మాత్రమే మిగిలాయి.

కిటికీ తెరిచిన మొదటి రోజున రాజుగారు ఉత్సాహంగా, "సూర్యుణ్ణి లోపలికి రానిచ్చాం కదా మాచనా, ఒక మంచి మాట అనవోయ్" అన్నారు.

మాచన నేల మీద పడిన ఎండ వైపు చూశాడు. "ఆలస్యంగా వచ్చాడు ప్రభూ. ఆయన్నేమీ అనకండి, బయట ఆపింది మనం" అన్నాడు.

అలవాటు కొద్దీ సభ నవ్వింది, రాజుగారూ నవ్వారు. అందరికన్నా గట్టిగా వినిపించాల్సిన నవ్వు మాత్రం వినిపించలేదు. మాచన దానికోసం కాసేపు చెవి ఒగ్గి, వెళ్లి ఆ ఎండలో వీణ పీట పక్కన కూర్చున్నాడు.